లంబీధార్ గనుల్లో దయ్యాలున్నాయా?

పార్లమెంటు సమావేశాలు ముగిసి, సభ్యులు తమ తమ నియోజకవర్గాలకు తరలిపోయిన వారంలో ఢిల్లీ విలేఖరికి చేతినిండా తీరిక. రాజధానిలో వదంతులు తప్ప వార్తలు పుట్టని ఆ రోజుల్లో కొండలెక్కడం ఇక్కడి పాత్రికేయుల ఆనవాయితీ. అయితే ఈ పర్యాయం ఈ విలేఖరి ముస్సోరీ వెళ్లింది చల్లగాలి కోసం కాదు. దయ్యాల కోసం.

ముస్సోరీ అనగానే తెలుగు పాఠకులకు ముందుగా స్ఫురించేది ఐ.ఏ.ఎస్. అకాడమీ. 1959లో అక్కడి చార్లెవిల్ ఎస్టేటులో వెలసిన ఆ సంస్థలోనే మన జిల్లాలను ఏలబోయే కలెక్టర్లు పరిపాలనలో ఓనమాలు దిద్దుకుంటారు. అదే కొండల వరుసలో, పరిపాలన ఎంతవరకు నడుస్తుందో, ఎక్కడ చతికిలబడుతుందో తెలియజెప్పే మరొక స్థలం ఉంది. అకాడమీ పాఠ్యప్రణాళికలో దానికి చోటున్నదో లేదో గాని, టాక్సీవాలాల పాఠ్యప్రణాళికలో మాత్రం ఉన్నది. దాని పేరు లంబీధార్.

'ధార్' అంటే ఆ పర్వత ప్రాంతపు భాషలో కొండ మీద వెన్నెముకలా సాగే గట్టు. లంబీధార్ అంటే పొడవైన గట్టు. పర్యాటకుల నోళ్లలో నలిగి అది 'లంబీ దేహర్'గా మారింది. పేరుతో పాటు చరిత్ర కూడా మారింది. ఇప్పుడు ఊళ్లో ఎవరినడిగినా చెప్పే కథ ఇది: 1990 ప్రాంతంలో అక్కడి సున్నపురాయి గనుల్లో 50 వేల మంది కూలీలు ఊపిరితిత్తులు చెడి, నెత్తురు కక్కుకుని మరణించారు. అప్పటి నుంచి రాత్రివేళల్లో ఆ పాడుబడిన ఇళ్లలోంచి కేకలు, మూలుగులు వినవస్తాయి. ఒక స్త్రీ ఆకారం గట్టు మీద తిరుగుతుంటుంది. ఆ దారిన పోయే వాహనాలు అకారణంగా లోయలో పడతాయి. దేశంలోని దయ్యాల స్థలాల జాబితా ఎవరు తయారు చేసినా లంబీధార్ అందులో ఉండవలసిందే.

ఈ కథలో దయ్యాల సంగతి అటుంచి, ముందు ఆ అంకెను పరిశీలించడం మంచిది. రాజకీయ వార్తలు రాసేవాడికి అంకెలను అనుమానించడం వృత్తి ధర్మం.

ముస్సోరీ పట్టణ జనాభా 2011 జనగణన ప్రకారం సుమారు 30 వేలు. అంటే కథ ప్రకారం ఊరి జనం కంటే ఎక్కువ మంది ఊరి పక్కనున్న ఒక గట్టు మీద చనిపోయారన్న మాట. స్వతంత్ర భారతదేశంలో అతి ఘోరమైన గని ప్రమాదం 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపంలోని చస్నాలాలో జరిగింది. గనిలోకి నీరు విరుచుకుపడి 375 మంది బలయ్యారు. ఆ వార్తతో దేశమంతా తల్లడిల్లింది. ఫ్రాన్సులో 1906లో కూర్యేర్ బొగ్గు గనిలో మరణించినవారు 1,099 మంది. ప్రపంచ చరిత్రలోనే పెద్దదిగా చెప్పుకునే గని ప్రమాదం 1942లో, జపాను ఆక్రమణలో ఉన్న చైనాలోని బెన్షీహూలో జరిగింది. అందులో చనిపోయినవారు 1,549 మంది. దానికి ముప్పై రెట్లకు పైగా జనం ఢిల్లీకి ఒక రాత్రి ప్రయాణం దూరంలో మరణిస్తే, లోక్‌సభలో ఒక్క వాయిదా తీర్మానమైనా రాకుండా ఉంటుందా? అందునా 1990 అంటే మూడు ప్రభుత్వాల పేర్లు ఒకేసారి చర్చకు వస్తున్న సంవత్సరం. ప్రతిపక్షం చేతికి అటువంటి ఆయుధం దొరికితే వదిలేదా?

కనుక 50 వేలన్నది కల్పన. ఇందులో సందేహానికి తావు లేదు. అయితే కల్పన అని కొట్టివేసి కొండ దిగి వచ్చేస్తే ఈ వ్యాసం ఇక్కడితో ముగిసేది. గట్టు మీదికి వెళ్లి చూసిన తరువాత అలా ముగించడం సాధ్యం కాలేదు.

లైబ్రరీ బజారు నుంచి హాథీపావ్ మీదుగా వెళ్లే దారి అది. ఊరికి సుమారు 10 కిలోమీటర్లు. మార్గమధ్యంలో జార్జి ఎవరెస్టు నివాసం వస్తుంది. సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన ఆయన కొనుగోలు చేసిన ఇల్లు. ప్రపంచంలో కెల్లా ఎత్తైన శిఖరానికి ఆయన పేరు పెట్టారని అందరికీ తెలుసు. యువకుడుగా హైదరాబాదులో సర్వే ఉద్యోగంలో చేరి, కృష్ణా గోదావరీ నదుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ ఎల్లాపురం జ్వరాన పడి చావుతప్పి బయటపడ్డాడన్న సంగతి మనవాళ్లలో ఎందరికి తెలుసో! ఇల్లంతా మరమ్మతు చేయించారు. సందర్శకుల రద్దీ బాగానే ఉంది. ఆ రద్దీ దాటి కొంత దూరం పోగానే మనుషులు పలచబడ్డారు. టాక్సీ నడిపే కుర్రవాడు తిరుగు ప్రయాణం గురించి అప్పుడే మాట్లాడటం మొదలుపెట్టాడు.

గట్టు మీద మొదట కనిపించేవి ఇళ్లు. వరుసగా కట్టిన చిన్న చిన్న గదులు. కప్పులు లేవు. తలుపులు, కిటికీలు, వాటి చట్రాలు కూడా ఎవరో ఊడదీసుకుపోయారు. ఒక గదిలో పొయ్యి గూడు మసి ఇంకా నల్లగానే ఉంది. మరొక గదిలోంచి చెట్టు మొలిచి ఆకాశం వైపు పోయింది. ఇళ్లకు అవతల కొండను మెట్లు మెట్లుగా కోసిన తెల్లని గాయాలు. కొన్నింటి మీద గడ్డి, పొదలు పాకి మచ్చపడ్డాయి. కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి. గోడల నిండా పేర్లు. బొగ్గుతో, రంగులతో, మేకులతో రాసిన పేర్లు. ప్రేమికుల పేర్లు, కాలేజీల పేర్లు, దయ్యాలను సవాలు చేస్తూ కుర్రకారు రాసిన రాతలు. ఆ గదుల్లో కాపురమున్నవారి పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు.

మిట్ట మధ్యాహ్నం గనుక దయ్యాలు కనిపించలేదనుకోవాలి. గాలి మాత్రం కప్పులేని గోడల మధ్య సన్నగా ఈల వేస్తున్నది. కథలు పుట్టడానికి ఆ ఈల చాలు.

ముస్సోరీలో మరొక ప్రసిద్ధమైన దయ్యం కూడా ఉందన్న సంగతి ఇక్కడ చెప్పాలి. 1911 సెప్టెంబరులో సవాయ్ హోటలులో బస చేసిన ఫ్రాన్సెస్ గార్నెట్ ఓర్మ్ అనే ఆంగ్ల వనిత విషప్రయోగానికి గురై మరణించింది. ఆమె సహచరి మీద కేసు నడిచింది. అలహాబాదు హైకోర్టు ఆమెను నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆ హోటలు వసారాల్లో ఇప్పటికీ మృతురాలి ఆత్మ సంచరిస్తుందంటారు. ఆ ఒక్క మరణానికి పేరుంది, తేదీ ఉంది, విషం పేరుంది, ముద్దాయి ఉంది, తీర్పు ఉంది. నూరేళ్లు దాటినా ఎవరైనా వెతికి చదువుకోవచ్చు. లంబీధార్ దయ్యాలకు ఇవేవీ లేవు. ఉన్నది ఒక గుండ్రని అంకె. దొరసాని దయ్యానికి చిరునామా ఉన్నది గాని కూలీ దయ్యానికి లేదు!

వాస్తవంగా అక్కడ ఏమి జరిగింది? ఆ కథ దయ్యాల కథ కంటే ఆసక్తికరమైనది. మన న్యాయవ్యవస్థ చరిత్రలో ఒక అధ్యాయం. అయినా టాక్సీవాలాలకు గాని, యాత్రికులకు గాని దాని ఊసే పట్టదు.

ముస్సోరీ కొండల్లోని సున్నపురాయి మంచి స్వచ్ఛత గలది. ఉక్కు తయారీకి, రసాయన పరిశ్రమలకు, చక్కెర మిల్లులకు పనికివస్తుంది. ఆ రాయే పగుళ్ల మధ్య వాన నీటిని నిలువ చేసి, ఏడాది పొడుగునా ఊటలుగా డూన్ లోయకు వదులుతుంది. అంటే ఒకే రాయి కొండ మీద ఉంటే జలాశయం, కొండ దింపితే సరుకు. 1961లో ఉత్తరప్రదేశ్ గనుల మంత్రి ఇక్కడ తవ్వకాలను నిషేధించారు. మరుసటి ఏడే, 1962లో, అదే ప్రభుత్వం 20 సంవత్సరాల లీజులను పంచిపెట్టింది. ఒక్క ఏడాదిలో కొండకు ఏ బలం వచ్చిందో దస్త్రాలకే తెలియాలి. ఆ తరువాత రెండు దశాబ్దాల పాటు డైనమైటు పేలుళ్లతో కొండలు దద్దరిల్లాయి. పనికిరాని రాళ్లూ మట్టీ వాలు మీదికి నెట్టివేయడంతో వానాకాలంలో అవి వాగుల్లోకి కొట్టుకువచ్చి పొలాలను ముంచేవి. ఊటలు ఎండిపోయాయి. ముస్సోరీ పచ్చకొండలు డెహ్రాడూన్ నుంచి చూసేవారికి బొల్లి మచ్చలతో కనిపించసాగాయి.

1982లో 18 లీజులు తిరిగి రాయవలసి వచ్చినప్పుడు ప్రభుత్వం నిరాకరించింది. గనుల యజమానులు అలహాబాదు హైకోర్టుకు వెళ్లి, తవ్వకాలు సాగించుకోవడానికి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. 1983 జులైలో డెహ్రాడూన్‌లోని 'రూరల్ లిటిగేషన్ అండ్ ఎన్‌టైటిల్‌మెంట్ కేంద్ర' అనే స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా స్వీకరించింది. పోస్టులో వచ్చిన ఉత్తరాలకు అత్యున్నత న్యాయస్థానం తలుపులు తెరుచుకున్న కాలమది. ఢిల్లీ శివార్లలోని ఫరీదాబాదు రాతి క్వారీలలో వెట్టికూలీల కేసు కూడా అలాగే ఒక ఉత్తరంతో మొదలైంది. న్యాయమూర్తి పి.ఎన్. భగవతి ఆ ఒరవడికి ఆద్యులలో ఒకరు. ఆయన తరువాత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

కోర్టు నియమించిన భార్గవ కమిటీ గనులను ఎ, బి, సి అని మూడు తరగతులుగా విభజించింది. 'సి' అంటే తక్షణం మూసివేయవలసినవి. 1985 మార్చి 12న కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఆ తరగతి గనులు శాశ్వతంగా మూతపడ్డాయి. మిగిలిన వాటిలో అనేకం బంద్యోపాధ్యాయ కమిటీ పరిశీలనకు వెళ్లాయి. యజమానులు ఉక్కు పరిశ్రమ అన్నారు, దేశ రక్షణ అన్నారు, విదేశీ మారక ద్రవ్యం అన్నారు. గనులు మూసివేస్తే యజమానులకు కష్టం కలుగుతుందని ఒప్పుకుంటూనే, ప్రజలు ఆరోగ్యకరమైన వాతావరణంలో జీవించే హక్కుకు అది చెల్లించక తప్పని మూల్యమని కోర్టు వ్యాఖ్యానించింది. పర్యావరణ సమతౌల్యం విషయంలో దేశంలో ఇదే తొలి కేసు అని కూడా ఆ ఉత్తర్వులోనే పేర్కొన్నది. కేసు నడుస్తుండగానే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. అదే ఏడాది లోయలోని సిన్సియారు వాగు దగ్గర గ్రామీణ స్త్రీలు చిప్కో పద్ధతిలో గనుల లారీలకు అడ్డంగా కూర్చున్నారు. 1988 ఆగస్టు 30న ఇచ్చిన తీర్పుతో బహు కొద్ది గనులు మినహా తక్కినవన్నీ ముగిసిపోయాయి. 1989 ఫిబ్రవరి 1న కేంద్రం డూన్ లోయలో గనులకు, పరిశ్రమలకు ఆంక్షలు విధిస్తూ నోటిఫికేషన్ జారీ చేసింది. లంబీధార్‌లో మిగిలిన తవ్వకం కూడా 1990 దశకంలోనే ఆగిపోయింది.

అంటే లంబీధార్‌ను ఖాళీ చేయించింది చావు కాదు. కోర్టు.

ఫలితం మంచిదేనా? కొండకు సంబంధించినంతవరకు నిస్సంశయంగా మంచిదే. సహస్రధార దగ్గర 64 హెక్టార్ల గని శిథిల భూమిని డెహ్రాడూన్‌లోని కేంద్ర భూసార, జల సంరక్షణ పరిశోధన సంస్థవారు చెక్‌డ్యాములతో, గడ్డితో, చెట్లతో బాగుచేశారు. అంతకుముందు ఒక్కొక్క హెక్టారు నుంచి ఏటా 550 టన్నుల రాళ్లూ మట్టీ కొట్టుకుపోయేవి. అది 8 టన్నుల స్థాయికి తగ్గింది. పచ్చదనం 10 శాతం నుంచి 80 శాతానికి పెరిగింది. వానలు వెనుదిరిగాక 60 రోజులు మాత్రమే పారే వాగు 240 రోజులు పారసాగింది. 1982లో మాజీ సైనికులతో ఏర్పాటైన గఢ్వాల్ రైఫిల్స్ ప్రాదేశిక సేన పర్యావరణ బెటాలియన్ ముస్సోరీ కొండల మీద చెట్లు నాటే బాధ్యత చేపట్టింది. దేశంలో అటువంటి దళం అదే మొదటిది. ఈ విషయంలో ప్రభుత్వాన్ని, శాస్త్రజ్ఞులను, సైనికులను అభినందించడానికి ఈ విలేఖరికి ఏ సంకోచమూ లేదు.

మరి ఆ గదుల్లో ఉండినవారు?

1985 మార్చి ఉత్తర్వులో కోర్టు వారిని మరచిపోలేదు. మూతపడిన గనులలోని కూలీలకు ఆ ప్రాంతంలోనే చేపట్టే అడవుల పెంపకం, భూసార సంరక్షణ పథకాలలో సాధ్యమైనంత వరకు, సాధ్యమైనంత త్వరగా పని కల్పించాలని ఆదేశించింది. కొండను తవ్విన చేతులే కొండకు మాను నాటాలన్నది ఉదాత్తమైన ఆలోచన. అయితే 'సాధ్యమైనంత వరకు' అన్న మాటకు ఢిల్లీ సచివాలయాల్లో ఉన్న అర్థం వేరు. ఆ మాట తగిలించిన ఆదేశాన్ని అమలు చేయకపోయినా ధిక్కారం కాదు. కొండకు తగిలిన గాయాన్ని హెక్టార్లలో కొలిచారు, కొట్టుకుపోయిన మట్టిని టన్నుల్లో తూచారు, వాగు పారిన రోజులను లెక్కపెట్టారు. పని పోయిన కూలీలు ఎందరు, వారిలో ఎందరికి మొక్కలు నాటే పని దొరికింది, ఎందరు దగ్గుతూ ఇళ్లు చేరారు అన్న లెక్క మాత్రం జనం నోట ఎక్కడా వినిపించదు. ఆ ఖాళీ స్థలంలోకే 50 వేలన్న అంకె వచ్చి కూర్చున్నది.

ఊపిరితిత్తుల సంగతి కూడా కొంత వివరించాలి. క్వార్ట్జ్ వంటి రాతిపొడిలోని సిలికాతో పోలిస్తే స్వచ్ఛమైన సున్నపురాయి ధూళి ఊపిరితిత్తులను అంత తీవ్రంగా కొరికివేయదు. కాని రాతిలో సిలికా కలిసి ఉన్నచోట రంధ్రాలు వేసేవాడికి, రాళ్లు పగులగొట్టేవాడికి ప్రమాదమే. సిలికోసిస్ వ్యాధి లక్షణమేమంటే అది గనిలో చంపదు. ఏళ్లు గడిచాక, కూలీ స్వగ్రామం చేరాక, అక్కడి వైద్యుడు క్షయ అని మందులిచ్చి, ఆ మందులు పనిచేయక చంపుతుంది. ఆ చావు గని ఖాతాలో పడదు. యజమాని చేతికి మసి అంటదు.

అటువంటి చావులను రుజువు చేయడం ఎంత దుర్లభమో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్, ధార్ జిల్లాల ఆదివాసులు గుజరాత్‌లోని క్వార్ట్జ్ పొడి కార్ఖానాలకు కూలికి వెళ్లి సిలికోసిస్‌తో మరణించారు. 2006లో సుప్రీంకోర్టులో కేసు దాఖలైంది. 2016 మేలో, అంటే పదేళ్లకు, 238 మంది మృతుల కుటుంబాలకు తలా 3 లక్షల రూపాయలు చెల్లించవలసిందిగా గుజరాత్ ప్రభుత్వాన్ని కోర్టు ఆదేశించింది. 238 పేర్లు! ఒక్కొక్క పేరు వెనుక ఒక ఊరు, ఒక ఎక్స్‌రే పటం, ఒక మరణ ధ్రువపత్రం ఉన్నాయి. పదేళ్ల చాకిరీతో నిలబెట్టిన ఆ 238 ముందు, ఎవరో గాలిలో విసిరిన 50 వేలు ఎంత తేలిక! రాజస్థాన్ ప్రభుత్వం 2019లో సిలికోసిస్ విధానం ప్రకటించి, రోగులను నమోదు చేసి పరిహారం చెల్లించే ఏర్పాటు చేసింది. లోపాలున్నా, కూలీకి అక్కడ కనీసం ఒక నమోదు సంఖ్య ఉంటుంది.

గట్టు దిగి వస్తుండగా దారి పక్కన టీ దుకాణంలో ఒక వృద్ధుడు తారసపడ్డాడు. నేపాల్ పడమటి కొండల నుంచి పదిహేనేళ్ల వయసులో వచ్చాడట. లంబీధార్‌లో లారీలకు రాయి ఎత్తేవాడు. ఆ వరుస గదుల్లో ఒకదానిలో పెళ్లి చేసుకుని కాపురం పెట్టాడు. ఇద్దరు పిల్లలు అక్కడే పుట్టారు. దాజూ అని పిలిస్తే మురిసిపోయి, బెంచీ మీద చోటిచ్చాడు.

దయ్యాల మాట ఎత్తగానే నవ్వాడు. "రాత్రి వచ్చేది సీసాలు పట్టుకుని కుర్రాళ్లు సాబ్. కేకలు వాళ్లవే. మా వాళ్లు చచ్చి దయ్యాలైతే ఆ గట్టు మీద ఎందుకుంటారు? కూలి బాకీ ఉన్నవాడి ఇంటికి పోతారు గాని!"

చచ్చిపోయినవాళ్లు లేరా అని అడిగితే కొంతసేపు మాట్లాడలేదు. పేలుడుకు రాయి తగిలి పోయినవాళ్లను తాను చూశానన్నాడు. వేళ్ల మీద లెక్కపెట్టి నలుగురి పేర్లు చెప్పాడు. దగ్గుతో ఊళ్లకు వెళ్లి మళ్లీ రానివాళ్లు చాలామంది ఉన్నారన్నాడు. "వాళ్లు పోయారో ఉన్నారో నాకు తెలీదు. ఉత్తరం రాయడం వాళ్లకూ రాదు, చదవడం నాకూ రాదు." గని మూతపడినప్పుడు ఒక రోజు ఎవరో వచ్చి, కోర్టు వారు మీ అందరికీ మొక్కల పని ఇమ్మన్నారని చెప్పి పేర్లు రాసుకుపోయారట. రెండు వర్షాకాలాలు గుంతలు తవ్వి మొక్కలు నాటాడు. మూడో ఏడు పిలుపు రాలేదు. అడగబోతే ఆ పేర్ల కాగితం తమ శాఖలో లేదన్నారు. ఆ తరువాత ముస్సోరీలో కూలి, చలికాలం డెహ్రాడూన్‌లో కూలి. ఇప్పుడు కొడుకు ఒక హోటలులో వంటవాడు. "మొక్కలు మాత్రం బతికాయి సాబ్. అవిగో" అని చెయ్యెత్తి చూపించాడు.

ఇదంతా ముగిసిన కథ, ఇప్పుడు తవ్వుకోవడం దేనికి అని అడిగేవారుంటారు. గనులు మూసివేయడం ముగిసిన కథ కాదు. 1997లో మన విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల నుంచి పుట్టిన సమత కేసులో, షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రైవేటువారికిచ్చిన లీజులు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. సింగరేణిలో భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. బొగ్గును క్రమంగా వదులుకోవాలన్న అంతర్జాతీయ ఒత్తిడి పెరుగుతున్న కొద్దీ ఝార్ఖండ్‌లో, ఒడిశాలో, తెలంగాణలో ఈ ప్రశ్న మరింత పెద్దదవుతుంది. గని మూసే పద్ధతికి ముందే ప్రణాళిక ఉండాలన్న నిబంధన మన దేశంలో 2003లో గాని రాలేదు. గని ప్రభావిత ప్రజల కోసం జిల్లా ఖనిజ నిధులు 2015 చట్ట సవరణతో ఏర్పడ్డాయి. రెండూ నడుస్తున్న గని రాబడి మీద ఆధారపడినవే. మూతపడి ముప్పై ఏళ్లయిన గనికి రాబడీ లేదు, నిధీ లేదు. పర్మినెంటు కార్మికునికి యూనియన్ ఉంటుంది, గ్రాట్యుటీ ఉంటుంది. కంట్రాక్టరు తెచ్చిన కూలీకి పేర్ల కాగితం ఒక్కటే ఆధారం. అది పోతే అతడు ఉండీ లేనివాడే.

పర్యావరణ వాదులకు ఈ మాట రుచించకపోవచ్చు. గనుల యజమానుల తరఫు వాదనగా కూడా ఇది వినిపించవచ్చు. కూలీల ఉపాధిని అడ్డుపెట్టుకుని కొండలు మింగాలని చూసే ఘనులు ఎప్పుడూ ఉంటారు. కాని 1985లో కోర్టు ఆ రెంటినీ ఒకే ఉత్తర్వులో పెట్టింది. ఒక భాగం అక్షరాలా అమలైతే, రెండవ భాగం అదృష్టం ఉన్నవారికి రెండు వర్షాకాలాలు అమలైంది.

చీకటి పడుతున్నదని టాక్సీ కుర్రవాడు హారను మోగించాడు. దయ్యాల భయమా అంటే, కాదు, చిరుతపులుల భయమన్నాడు. లేవబోతుంటే దాజూ ఆపాడు. ఢిల్లీలో పెద్ద కోర్టు కాగితాలు పారెయ్యరు కదా అని అడిగాడు. పారెయ్యరన్నాను. ఆ కేసుకు నంబరు ఉంటుందా అని అడిగాడు. ఉంటుందని, అతడు ఇచ్చిన బీడీకట్ట కాగితం వెనుక రాసి ఇచ్చాను: రిట్ పిటిషన్లు 8209, 8821, సంవత్సరం 1983. చదవడం రాకపోయినా దానిని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి, స్వెటరు లోపలి జేబులో దాచుకున్నాడు.